లెక్కల టీచరు నవ్వు

"కాసేపు మిక్సీ వెయ్యకు. కుళాయి కూడా సన్నగా తిప్పుకో" అని వంటింటి గుమ్మంలోంచే చెప్పి వెళ్లిపోయాడు భర్త. ముందుగదిలో కార్యక్రమం మొదలవబోతోందన్నమాట. ఆమె రుబ్బడానికి సిద్ధం చేసుకున్నదాని మీద మూత పెట్టేసి, సింకులోని గిన్నెలు ఒకదానికొకటి తగలకుండా ఒక్కోటే తీసి తోమడం మొదలుపెట్టింది. చప్పుడు చెయ్యకుండా అంట్లు తోమే విద్య ఒకటుందనీ, అందులో తను ఆరితేరిపోయిందనీ బయట ఎవరికీ తెలియదు. తెలిస్తే మాత్రం పిలిచి సన్మానం చేస్తారా ఏమిటి!

ఆయన్ని ఊరంతా ఎడిటర్ గారంటారు. పెద్ద ఛానల్లో పనిచేస్తూ, సముద్రం అవతల జరుగుతున్న యుద్ధానికి మన ప్రభుత్వం దొంగచాటుగా ఆయుధాలు పంపుతోందా అని ఒక్క ప్రశ్న అడిగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. భయపడి ఇంట్లో కూర్చుంటాడనుకున్నారు అందరూ. ఇంట్లోనే కూర్చుని సొంత ఛానల్ పెట్టాడు. ముందుగదిలోని సోఫా వరండాలోకి పోయింది, శబ్దం ప్రతిధ్వనించకుండా దుప్పట్లు గోడలకీ గుమ్మానికీ ఎక్కాయి, వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలో తెలియక పెరట్లో నిలబడతారు. ఆయన ధైర్యం నిజమైనదే, ఆమె ఆ మాట ఎక్కడైనా ఒప్పుకుంటుంది. కాకపోతే శాంతి గురించి మాట్లాడడానికి ఇంట్లో ఇంత నిశ్శబ్దం కావాలని పెళ్లప్పుడు ఎవరూ చెప్పలేదు. "ఆ యుద్ధమేదో ఆగితే గానీ మనింట్లో మిక్సీ తిరగదే అమ్మాయ్" అంటుంది అత్తగారు. ఆవిడ దగ్గు కూడా దుప్పట్లోనే దగ్గుతుంది పాపం.

యుద్ధం జరుగుతున్న ఆ దేశం భాష ఇంట్లో ఆమెకొక్కదానికే వచ్చు. కాలేజీలో ఇష్టపడి నేర్చుకుంది. పాఠ్యపుస్తకంలో మొదటి పాఠమే ఆ దేశపు రేవు పట్నం గురించి. రేవుకు ఎటు వెళ్లాలండీ అని ఒకరు అడిగితే, బేకరీ పక్క మెట్లు దిగండి అని ఇంకొకరు చెబుతారు. అంతే పాఠం. ఆ మెట్లు ఆమె మనసులో ఎన్నిసార్లు దిగిందో! అక్కడే పైచదువుకు సీటు కూడా వచ్చింది. "ఒక్క ఏడాది ఆగు, పెళ్లయ్యాక ఇద్దరం కలిసి వెళ్దాం" అన్నాడు ఆయన. ఆ తర్వాత ఆయన ఉద్యోగం, ఆ తర్వాత అత్తగారి ఆపరేషన్, ఆ తర్వాత ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఆ ఊరి మీద బెంగ మాత్రం అలాగే ఉండిపోయింది. పుట్టింటి మీద బెంగంటే నలుగురూ అర్థం చేసుకుంటారు. కాలు పెట్టని ఊరి మీద బెంగంటే వింతగా చూస్తారు. అందుకని లోపలే దాచుకుంది. సాయంత్రం బట్టలు మడతపెట్టేటప్పుడు ఆ భాషలో తనలో తనే మాట్లాడుకునేది. ఒకసారి అత్తగారు విని, గాలి సోకిందేమోనని కొడుకును పిలిచింది కూడా.

ఆ ఊరి మీదే బాంబులు పడడం మొదలయ్యాక, "నీకా భాష వచ్చు కదూ" అని ఆయనకు హఠాత్తుగా గుర్తొచ్చింది. అక్కడివాళ్లతో మాట్లాడి పెట్టమన్నాడు. అలా దొరికింది లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు, ఎవరూ లేరు, బడి కూలిపోతే తన భవనం కింది నేలమాళిగలో చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెబుతోంది. మొదటిరోజు ఈమె నోట ఆ భాష తుప్పుపట్టిన తాళంలా కదిలింది. అవతలి మనిషి ఓపిగ్గా విని, "బాంబులు పడుతున్నాయని నీ తప్పులు వదిలేస్తాననుకున్నావా?" అని ఒక్కొక్కటీ సరిచేసింది. తర్వాత అడిగింది, "తిన్నావా?" అని.

ఇక్కడ ఇంట్లో ఆ ప్రశ్న ఈమె అడిగేదే గానీ ఈమెను ఎవరూ అడిగేవారు కాదు. నేలమాళిగలో కరెంటు లేకుండా కూర్చున్న మనిషి, కడుపు నిండా తిండి ఉన్న తనను అడుగుతోంది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, చివరికి "ఇంకా లేదు" అని నిజమే చెప్పింది. "ముందు వెళ్లి తిను, ప్రపంచం పది నిమిషాలు ఆగుతుంది" అంది టీచరు. అప్పట్నుంచి మధ్యాహ్నమైతే చాలు, ఆమె ప్రాణం ఫోన్ చుట్టూ తిరిగేది. ఎడిటర్ గారికి కావలసిన సమాచారం కొంచెమే, మిగతాదంతా వాళ్ల కబుర్లు. ఆ ఊళ్లో బేకరీ ఉందా అని ఒకసారి అడిగింది. గోడ లేదు గానీ పొయ్యి వెలుగుతోందట. మెట్లున్నాయట. యుద్ధం ఆగాక ఇద్దరం ఆ మెట్ల మీద కూర్చుని గట్టిగా మాట్లాడుకుందాం రమ్మంది టీచరు. ఆ "గట్టిగా" అన్న మాట ఆమె రోజంతా నములుతూ తిరిగింది.

కిందటి వారం టీచరు ఒక ఫొటో పంపింది. ఖాళీ చెక్కపెట్టె. ఊరి అంచున దాడికొచ్చిన సైనికులు వదిలేసిన ఫిరంగిగుళ్ల పెట్టెను తెచ్చి, పిల్లలకు రాసుకునే బల్లగా వేసింది. "దీనిమీద మీ లిపిలాగుంది, ఏం రాసుందో చెప్పు" అని అడిగింది. ఆమె ఫొటోను పెద్దది చేసి చూసింది. తమ అక్షరాలే, తమ రేవు ముద్రే. మనం పంపినవి మందులూ దుప్పట్లూ మాత్రమేనని ప్రభుత్వం రోజూ చెబుతున్న ఆ ఓడల్లోదే ఈ పెట్టె. చదివి చెప్పింది: "జాగ్రత్త. మెల్లగా దించండి."

అవతల టీచరు నవ్వింది. పకపకా, ఆగకుండా, ఊపిరాడనంతగా నవ్వింది. "మెల్లగానా? మెల్లగా దించమన్నారా మా నెత్తిన?" అని మళ్లీ నవ్వింది. వెనక పిల్లలు కూడా నవ్వడం వినిపించింది. ఆ నవ్వులో ఉన్న కోపం మాటల్లో పెడదామంటే ఏ మాటా ఆనదు. ఇక్కడ ఈమె స్నానాలగదిలో తలుపు వేసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది.

అదంతా పూసగుచ్చినట్టు రాసిచ్చింది ఎడిటర్ గారికి. ఆయన చదివి, కలం తీసి, 'నవ్వింది' అన్నది కొట్టేసి 'ఏడ్చింది' అని రాశాడు. టీచరుకు బదులు తల్లి అని రాశాడు.

"అదేంటండీ, ఆమె ఏడవలేదు."

"నవ్వే బాధితురాల్ని ఎవరు నమ్ముతారు? జనం నాడి నాకు తెలుసు, నువ్వు సారాంశం చెప్పు చాలు."

నిన్న ఈ కార్యక్రమం ప్రకటన వదిలారు, తెర కింద ఆ భాషలో కూడా అక్షరాలు వేసి. ఆ అక్షరాలు వేసింది ఆమే. ఏడ్చింది అనే వేసింది. ఈరోజు మధ్యాహ్నం టీచరు దగ్గర్నుంచి ఫోన్ రాలేదు, గొంతు రికార్డు చేసి పంపిన సందేశం వచ్చింది. "మీ ఛానల్లో ఎవరో తల్లి ఏడ్చిందట. ఎవరామె? నేనైతే నవ్వాను. మాకు ఏడుపుకేం కరువు లేదు, కానీ అది మీకోసం ఏడ్చేది కాదు. ఇవాళ కూడా నన్ను ఏడిపిస్తే ఇక నాకు ఫోన్ చెయ్యకు. ఇల్లు పోయింది, బడి పోయింది. నా మాట ఒక్కటే నా దగ్గరుంది, దాన్ని కూడా తీసుకోకండి."

ఆమె పరుగున ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "ఇంత పెద్ద విషయంలో అంత చిన్న మాట పట్టుకుని వేలాడతారేంటి మీ ఆడవాళ్లు? ప్రభుత్వం ముందు నిలబడబోతున్నాను, కాస్త ప్రశాంతంగా ఉండనీ" అన్నాడు. అన్నాక ఇస్త్రీ చేసిన కండువా ఎక్కడుందని అడిగాడు. ఆమె తెచ్చిచ్చింది.

ఇప్పుడు దుప్పటి తెర అవతల ఆయన గొంతు మోగుతోంది. ఎదుట తెరమీద మాజీ రాయబారి ఉన్నాడు, ప్రభుత్వం తరఫున మాట్లాడడానికి ఒప్పుకున్న ఒకే ఒక్క పెద్దమనిషి. ఎడిటర్ గారు పెట్టె ఫొటో చూపించాడు, ఓడల గురించి అడిగాడు, బాగా అడిగాడు. వంటింట్లో ఆమె ఛాతీ కూడా ఒక్కక్షణం పొంగింది. తర్వాత ఆయన గొంతు తగ్గించి, "ఆ అక్షరాల అర్థం తెలిసి ఆ తల్లి భోరున ఏడ్చిందండీ" అన్నాడు.

రాయబారి నిట్టూర్చడం స్పీకర్లో వినిపించింది. "ఏడ్చేవాళ్లను చూస్తే మాకూ జాలే ఎడిటర్ గారూ. జాలితో విదేశాంగ విధానం నడవదు కదా. ఇంతకీ ఆ తల్లికి ఎంతమంది పిల్లలు? మీరు మాట్లాడారా ఆవిడతో?"

ముందుగదిలో నిశ్శబ్దం. ఆమె ఇన్నేళ్లూ చేసిపెట్టిన నిశ్శబ్దం కాదిది. ఆయనకు జవాబు తెలియని నిశ్శబ్దం. "అది... ఆ వివరాలు..." అన్నాడు ఆయన.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసింది. అవతల మోగుతోంది, టీచరు ఎత్తుతుందో లేదో తెలియదు. ఎత్తకపోతే ఆ ఊరు తనకు రెండోసారి దక్కకుండా పోతుంది. మోగి మోగి, చివరికి ఎత్తింది. "నీ మాట నీకే ఇస్తాను, ఫోన్ పెట్టెయ్యకు" అంది ఈమె ఆ భాషలో, ఎక్కడా తడబడకుండా. దుప్పటి పక్కకు తోసి ముందుగదిలోకి నడిచింది. కెమెరా దగ్గరున్నాయన కళ్లు పెద్దవి చేశాడు. భర్త బల్ల కిందనుంచి వద్దు వద్దని చెయ్యి ఊపాడు. మూలనున్న స్టూలు లాక్కుంటే అది నేలమీద కీచుమని ఇల్లంతా వినబడేలా అరిచింది. ఆమె దానిమీద కూర్చుని, ఫోన్ను మైకు పక్కన పెట్టి, తెరమీది పెద్దమనిషి కళ్లలోకి చూసింది.

"ఆమెకు పిల్లల్లేరండీ. ఆమె ఏడవలేదు, నవ్వింది. లైన్లోనే ఉంది. ఎందుకు నవ్విందో మీరే అడగండి, ఆమె ఎలా చెబితే అలాగే నేను చెబుతాను."