తిన్నాకే డ్యూటీ

వచ్చిన మర్నాడే తెల్లవారకముందు లేచి, ప్రసూతి కేంద్రం వరండా ఊడ్చి, ఖాళీ మంచాల మీది దుప్పట్లు మడతపెట్టి, ఎవరో వదిలేసిన కప్పులు కూడా కడిగేసింది నర్సమ్మ. ముప్పై రెండేళ్లు లేబర్ రూమ్‌లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. దేశంకాని దేశంలో, బస్సు కూడా సరిగా రాని పల్లెలో, మూడు నెలలు జీతం లేని సేవకి వచ్చింది. జీతం లేని చాకిరీ ఆవిడకి కొత్తేం కాదు. విమానమెక్కి వచ్చి చేయడం ఒక్కటే కొత్త.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు," అన్నాడు భర్త, ఆవిడ పెట్టె సర్దుకుంటుంటే. ఆయన కాఫీ, అత్తగారి మందులు, కొడుకు టిఫిన్ బాక్సు అన్నీ అమర్చి ఆరింటి డ్యూటీకి పరిగెత్తిన ఆడది ఇంట్లో ఇంకా ఏం గెలవాలో మాత్రం చెప్పలేదు. మూడు నెలలు కుదరదని, నెల తిరక్కుండా వచ్చేస్తానని మాట తీసుకున్నాకే ఎయిర్‌పోర్టుకి కదిలాడు.

ఏడు గంటలకి నొప్పులతో ఒక అమ్మాయి వచ్చింది. తొలిచూలు. నర్సమ్మ గబగబా గ్లవ్స్ అందుకుంది. ఆ కేంద్రాన్ని నడిపే డెబ్భై ఏళ్ల మంత్రసాని, అందరూ వాళ్ల భాషలో పెద్దమ్మ అని పిలిచే మనిషి, గుమ్మంలో అడ్డంగా నిలబడి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"తిన్నావా?"

"తిన్నానండి."

అబద్ధం. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది నిలబడి తినే మనిషికి ఆ అబద్ధం నోట్లోనే ఉంటుంది. పెద్దమ్మ బల్ల మీది ప్లేట్ల వైపు చూసింది. నర్సమ్మ కోసం పెట్టింది ఇంకా బోర్లించినట్టే ఉంది.

"ఖాళీ కడుపుతో ఉంటే చెయ్యి వణుకుతుంది. ఆ చెయ్యి నా పిల్లల మీద పడనివ్వను. ఆ బిడ్డ మధ్యాహ్నం దాకా రాదులే, కూర్చో."

నర్సమ్మకి ఒళ్లు మండింది. ఇన్నేళ్ల సర్వీసు, ఈ ముసలావిడ నాకు చెప్పడమా! పెద్దమ్మ అదేం పట్టించుకోకుండా గుడ్లు వలిచి, వేడి రొట్టె ముక్కలు చేసి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. తినేదాకా లేవలేదు. వేడివేడిగా, కూర్చుని, ఎవరి పిలుపూ లేకుండా తిని ఎన్నాళ్లయిందో నర్సమ్మకి గుర్తు రాలేదు. ఏడుపు వచ్చింది. పెద్దమ్మ ఇంకో గుడ్డు వేసింది.

మధ్యాహ్నం బిడ్డ తల బయటపడింది, మెడకి పేగు చుట్టుకుని ఉంది. నర్సమ్మ వేళ్లు కంగారు పడకుండా ఆ మెలిక తప్పించాయి. పెద్దమ్మ కలగజేసుకోలేదు. బిడ్డ కేరుమన్నాక, పని నేర్చుకునే ఆడపిల్లల్ని దగ్గరికి పిలిచి, నర్సమ్మకీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే చెప్పింది.

"ఈవిడ చేతులు చూసి నేర్చుకోండి."

ఎంత గొప్ప మనిషి, అనుకుంది నర్సమ్మ. తిండి పెట్టింది, పని అప్పగించి పక్కకి తప్పుకుంది, పదిమందిలో మెచ్చుకుంది. ఆ మూడూ ఒక్కరోజులో ఆవిడకి ఎన్నడూ జరగలేదు.

సాయంత్రం భర్త ఫోన్ చేశాడు. "నిన్నా ఇవాళా అన్నం మాడిపోయింది. అమ్మ ఒకటే గోల. నెల కూడా ఎందుకు, టికెట్ ముందుకి మార్పించనా?"

"ఇంకో గ్లాసు నీళ్లు పొయ్యండి, మాడదు," అంది నర్సమ్మ. "నేను మూడు నెలలకి వస్తాను."