పొడి తువ్వాలు

బాబాయ్ తువ్వాళ్లు పిండుతున్నాడు. క్లబ్బు వెనక గదిలో కుళాయి, కింద బకెట్టు, పక్కన ఉతికిన గుట్ట. ఒక్కొక్కదాన్నీ మెలిపెట్టి, చివరి చుక్క రాలేదాకా వదలడు. యాభై దాటిన మనిషి. సబ్బునీళ్లకు నాని వేళ్లు తెల్లగా ముడతలు పడ్డాయి కానీ భుజాలు ఇంకా గట్టివే. బాక్సింగు నేర్పేది కోచ్, ఆడేది కుర్రాళ్లు. ఈయన పనల్లా రింగు మూలన నిలబడి, విరామంలో స్టూలు వేసి, నీళ్లు పట్టి, చెమటా నెత్తురూ తుడవడం. తన కుర్రాడు మరీ దెబ్బలు తింటుంటే ఆట ఆపమని రింగులోకి తువ్వాలు విసిరేదీ ఈయనే. విసిరితే ఓడిపోయినట్టే. అందుకే ఆయన అందరికీ తువ్వాలు బాబాయ్.

ఓటమి ఒప్పుకోవడాన్ని ఇంగ్లీషువాళ్లు తువ్వాలు విసరడం అంటారని క్లబ్బు యజమాని ఎప్పుడో చెప్పాడు. ఇంకేం, వీధంతా ఆ మాట పట్టుకుంది. బేరం లేని రోజు టీకొట్టతను "ఇవాళ్టికి తువ్వాలు విసిరేశా బాబాయ్" అంటూ షట్టరు దించుతాడు. బాబాయ్ ఇంట్లో వాదించి వాదించి విసిగిపోతే భార్య చేతిలోని మసిగుడ్డ ఆయన ఒళ్లో పడేసి, "ఇదిగో విసిరేశాను, మీరే గెలిచారు" అంటుంది. ఆయన నవ్వుతాడు కానీ తను మాత్రం ఆ మాట వాడడు. తువ్వాలు పడ్డాక కుర్రాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో దగ్గర నుంచి చూసినవాడు మరి.

ఈ ఉదయం ఆవిడ వేళాకోళానికి రాలేదు. ఆయన చొక్కా తొడుక్కుంటుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ తమ్ముడి ఎడమకన్ను పాడవుతోందండీ. ఆసుపత్రికి నన్ను తోడు తీసుకెళ్లాడు. కంటి వెనక పొర ఊడుతోందట. ఇంకో గట్టి దెబ్బ పడితే చూపు పోతుందన్నాడు డాక్టరు. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు గానీ నా వల్ల కావడం లేదు."

తమ్ముడంటే పేరుకే తమ్ముడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఈయనే. మధ్యాహ్నం వాడి పోటీ ఉంది. ఇందులో గెలిచినవాణ్ని క్లబ్బులో రెండో కోచ్‌గా పెట్టుకుంటానని యజమాని మాట ఇచ్చాడు. ముప్పై దాటిన బాక్సరుకు మళ్లీ ఇలాంటి అవకాశం రాదు.

పోటీకి ముందు బట్టలు మార్చుకునే గదిలో తమ్ముడు చేతులకు పట్టీలు చుట్టించుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"మానేద్దాంరా. కన్ను సంగతి మీ వదిన చెప్పింది."

"చెప్పేసిందా. నాకు ఇంకో పని రాదన్నయ్యా. ఇవాళ వదులుకుంటే రేపు నీ పక్కన కూర్చుని తువ్వాళ్లు ఉతుక్కోవాల్సిందే." అనేసి నాలిక కరుచుకున్నాడు.

"ఉతికితే ఏం పోయింది" అన్నాడు బాబాయ్, కానీ మాట మనసులో కలుక్కుమంది.

ఆయన దగ్గర ఎప్పుడూ రెండు తువ్వాళ్లుంటాయి. ఒకటి తుడవడానికి. రెండోది విసరడానికి. దాని కొసను తడిపి ముడేస్తాడు. లేకపోతే గాలికి విచ్చుకుని దారిలోనే పడిపోతుంది. ఇప్పుడూ అలవాటుగా దాన్ని పట్టుకుని కుళాయి వైపు కదిలాడు.

"దాన్ని తడపకు. నువ్వలా ముడేస్తుంటే నాకు చేతులాడవు. ఇవాళ విసరనని చెప్పు."

"సరేలే" అన్నాడు బాబాయ్. చిన్నప్పటి నుంచీ వాడి ముందు ఆ నోటికి వేరే మాట అలవాటు లేదు. పొడి తువ్వాలే భుజాన వేసుకుని బయల్దేరాడు.

మొదట్లో తమ్ముడిదే పైచేయి. జనం ఈలలు వేశారు. బాబాయ్‌కి కూడా, ఏమో, గట్టెక్కుతాడేమో అనిపించింది. అంతలో అవతలి పొడుగు కుర్రాడు సంగతి పసిగట్టాడు. ఎడమ వైపు నుంచి ఏది వచ్చినా ఇతను తప్పుకోవడం లేదు. ఇక అటే కొట్టడం మొదలెట్టాడు.

విరామంలో బాబాయ్ నెత్తురు తుడిచి, ఎడమ వైపు చెయ్యెత్తాడు. "ఎన్ని వేళ్లురా?"

"రెండు."

ఆయన ఎత్తింది పిడికిలి. గంట మోగింది. స్టూలు లాగేలోపే తమ్ముడు లేచి వెళ్లిపోయాడు.

కొట్టినచోటే మళ్లీ కొట్టాడు పొడుగువాడు. బాబాయ్ చెయ్యి తువ్వాలు మీదికి వెళ్లింది, వెనక్కి వచ్చింది. సరేలే అన్నాను కదా అనుకున్నాడు. ఇంకో దెబ్బ పడింది. తమ్ముడి తల వెనక్కి విరిగినట్టు వాలి మళ్లీ నిలబడింది. అది చూశాక ఇచ్చిన మాటా లేదు, పాడూ లేదు. బలమంతా పెట్టి విసిరాడు.

పొడి తువ్వాలు గాల్లో విచ్చుకుని, పైతాడు మీద పడి, ఆరేసినట్టు వేలాడింది. రిఫరీ అటు తిరిగి ఉన్నాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు.

బాబాయ్ తాళ్ల మధ్య నుంచి దూరాడు. మోకాలు పట్టేసినా ఆగకుండా వెళ్లి తమ్ముణ్ని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. తమ్ముడి కోసం వచ్చిన గుద్దు ఆయన చెవి మీద పడింది. అప్పుడు చూశాడు రిఫరీ.

గదిలో డాక్టరు టార్చి వేసి చూశాడు. "చూపు ఇంకా ఉంది. ఇవాళే ఆపరేషను చేయించండి." బాబాయ్ గోడకు ఆనుకుని, సిగ్గూ శరం లేకుండా ఏడ్చాడు. ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. కోచ్ ఉద్యోగం గంగలో కలిసినా ఫర్వాలేదు.

"సరేలే అన్నావుగా అన్నయ్యా" అన్నాడు తమ్ముడు, తలెత్తకుండా.

"అన్నాను."

"ఆసుపత్రికి వదినతో వెళ్తాను. అక్కణ్నుంచి ఇంటికి రాను. ఇంకెప్పుడూ నా మూలన నిలబడకు."

బాబాయ్ భార్యకు కబురు చేసి, టాక్సీ కోసం వీధిలోకి పరుగెత్తాడు. ఒక చెవి వినిపించడం లేదు. ఆయన టాక్సీతో తిరిగొచ్చేసరికి ఆవిడ వచ్చి మరిదిని వెనక దారిన తీసుకెళ్లిపోయింది. గదిలో ఎవరూ లేరు.

బెంచీ కింద తమ్ముడి బూట్లున్నాయి. పట్టీలు చుట్టిన చేతులతో లేసులు కట్టుకోవడం ఏ బాక్సరుకూ కుదరదు. మొదటి పోటీ నుంచీ వాటిని కట్టిందీ, ఆట అయ్యాక కింద కూర్చుని విప్పిందీ అన్నయ్యే. ఇవాళ ఆ లేసుల్ని ఎవరూ విప్పలేదు. పట్టీలు కోసే కత్తెరతో అడ్డంగా కోసేసి ఉన్నాయి, బాబాయ్ వేసిన ముడులు మాత్రం ఇంకా బిగువుగా ఉన్నాయి.