నూట అయిదు డిగ్రీలు

అటెండరు తువ్వాలు మడతపెట్టి పట్టుకుని ఓవెన్ తలుపు తీశాడు. నూట అయిదు డిగ్రీల వేడి ముఖానికి కొట్టింది. పళ్లెంలోని గింజలు చల్లారనిచ్చి, తూచి, తేమ ఎంతో రిజిస్టరులో గుండ్రంగా రాశాడు. ఇరవయ్యారేళ్లుగా చేస్తున్న పనే. గాజుసామాను కడిగి కడిగి వేలిముద్రలు అరిగిపోయాయి గానీ, ఆ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అతన్ని ఒక మాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అడిగింది కొండ మీది రైతు, పెద్దాయన ఒక్కడే. కొండ సేద్యం చెప్పడానికి ప్రొఫెసరమ్మ ఈ ఏడాది ఆయన్ని పిలిపించింది. ఒకే పాఠం ఇద్దరూ చెబుతారు. విత్తనం ఆరిందో లేదో ఆమె యంత్రంతో చూపిస్తే, ఆయన పంటి కింద కొరికి చెబుతాడు. "నిలబడ్డావేం తమ్ముడూ, కూర్చో" అని మొదటిరోజే అటెండరును విద్యార్థుల పక్కన కూర్చోబెట్టాడు. అప్పటినుంచి ఆయనంటే ఇతనికి ప్రాణం.

నిన్న ప్రొఫెసరమ్మ, "పెద్దాయన విత్తనాల సంచిలోంచి కాసిని తీసి తేమ చూడు" అంది. పంటి లెక్కకు నవ్వేవాళ్ల నోళ్లు మూయించాలంటే కాసిని చాలవనుకున్నాడు. ఎక్కువ గింజలైతే లెక్క అంత కచ్చితం. సంచి మొత్తం పళ్లెంలో కుమ్మరించాడు. ఆ గదిలోకి వచ్చిన గింజ తిరిగి మట్టిలోకి వెళ్లడం అతనెన్నడూ చూడలేదు మరి.

పదింటికి విద్యార్థులు కుండీలు పట్టుకుని వచ్చారు.

"ఇవాళ విత్తుదాం" అన్నాడు పెద్దాయన. "మా కొండను గని కోసం తవ్వేశాక మిగిలిన విత్తనం ఇంతే. మీ చేతుల్లో మొలిస్తే నేను పోయినా ఉంటుంది."

అటెండరు పళ్లెం వైపు చూశాడు. ఓవెన్‌లో అంత వేడికి ఎండిన గింజ మొలవదు. గింజలు మళ్లీ సంచిలో పోసి అందించాడు. పెద్దాయన ఒక గింజ కొరికి, నమలడం ఆపి, అతని వంక చూశాడు.

"ఎలా ఉన్నాయండీ?" అంది ప్రొఫెసరమ్మ.

"బాగా ఆరాయమ్మా."

పెద్దాయన కిటికీ బయటి కంచెలోంచి పుల్ల విరిచి, గోటితో గాటు పెట్టి, "ఇంత లోతు. మించితే గింజకు ఊపిరాడదు" అని ప్రతి కుండీ దగ్గరా వంగి చూపించాడు. అటెండరు నీళ్లు పోశాడు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, ఉద్యోగం గుర్తొచ్చి మూసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

క్లాసయ్యాక వరండాలో ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, నేనే... మొత్తం ఓవెన్‌లో పెట్టేశాను. ఇంటి దగ్గర ఇంకా ఉన్నాయనుకున్నా."

"తెలిసింది. ఎవరికీ చెప్పకు. నీ ఉద్యోగమన్నా ఉండనీ."

"మరి వాళ్లచేత ఎందుకు విత్తించారు?"

"గింజ పోయినా, వాళ్లకు విత్తడమన్నా వస్తుందిగా."

"వచ్చే వారం వస్తారుగా?"

"ఏం పట్టుకుని రాను తమ్ముడూ?"

మధ్యాహ్నం బస్సుకే పెద్దాయన వెళ్లిపోయాడు. సాయంత్రం అటెండరు కుండీలకు మళ్లీ నీళ్లు పోశాడు. ఎందుకు పోస్తున్నాడో అతనికే తెలియదు. కిటికీ గట్టు మీద పుల్ల పడి ఉంది. దాని మీద గోటి గాటు ఇంకా పచ్చిగానే ఉంది.