మెడ బోసిపోయిన పూట

నా నోరు మంచిది కాదని చందూరులో అందరికీ తెలుసు. ఆ ఏడు నిజామాబాద్‌లో లక్ష్మీరాజం డాక్టరుకు కూడా తెలిసింది.

చలికాలంలో చెరుకు మోపు ఎత్తుకుని కాలువగట్టు మీద జారి పడ్డాను. రొమ్ములో నొప్పి పట్టుకుంది, దాని వెంటే దగ్గు. నెల దాటినా తగ్గలేదు. ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. క్షయ అని పైకి ఒక్కరూ అనలేదు గాని, నా చంటిదాన్ని మాత్రం జాలిగా చూసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. నా పాలు తప్ప ఇంకొకటి ఎరగని పిల్ల అది.

మా ఆయన ముత్తన్న చెరుకు బండితో బోధన్ ఫ్యాక్టరీకి పోయాడు. సీజన్‌లో గేటు దగ్గర బండ్లు ఎన్నాళ్లు ఆగుతాయో ఎవరూ చెప్పలేరు. అందుకని మా అత్త హన్మవ్వే నన్నూ పిల్లనూ బస్సెక్కించి తీసుకొచ్చింది.

డాక్టరు గొట్టం పెట్టి చూసి, రొమ్ముకు ఎక్స్‌రే తీయించమన్నాడు. ఎక్స్‌రే గదిలో దేవిదాస్ అనే అతను మిషను దగ్గర నిలబడి ఉన్నాడు.

"మెడల బంగారం, వెండి, ఇనుము ఏమున్నా తియ్యాలె అక్కా. ఫొటోల అడ్డమొస్తది."

"పుస్తెలు తియ్యాల్నా? మొగడు బండితోని తొవ్వల ఉంటే నేను మెడ బోసిగ వెట్టుకోవాల్నా? ఏం మాట్లాడుతున్నవయ్యా?"

అత్త నా చెయ్యి పట్టుకుని గుంజింది. "గంత లొల్లి ఎందుకే? తాడు మార్చుకునేటప్పుడు ఏం జేస్తం? పసుపుకొమ్ము కట్టుకోమా?"

నిజమే. ముందు దారానికి పసుపుకొమ్ము కట్టి మెడలో వేసుకుని, ఆ తర్వాతే పుస్తెలు తీస్తాం. మెడ క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. నిజామాబాద్‌లో పసుపుకేం కరువు? అత్త ఎదురు దుకాణంలో లావుపాటి కొమ్ము కొనుక్కొచ్చింది. తెచ్చింది గాని తను కట్టలేదు. మామ పోయిన దగ్గర్నుంచి ముత్తైదువల పనులకు ఆమె చెయ్యి సోకనిచ్చేది కాదు. వరసలో కూర్చున్న తారాబాయి అనే ఆవిడను బతిమాలి కట్టించింది. నేను పుస్తెలు తీసి పిల్ల మొలతాడుకు ముడేశాను.

దేవిదాస్ నన్ను చల్లటి పలకకు ఆనించి, గాలి పీల్చి పట్టమన్నాడు. నొప్పికి సగమే పీల్చగలిగాను.

మధ్యాహ్నం డాక్టరు పిలిచి, ఫొటోను వెలుగుకు పెట్టి చూపించాడు. అత్త కళ్లింతలు చేసుకుంది.

"ఓయమ్మో! ఊరంత లేపేది గీ నాలుగు బొక్కలేనా?" అంది నాతో. మళ్లీ ముందుకు వంగింది. "సారూ, గీ పక్కబొక్కలు ముందటికొచ్చి ఆగిపోయినయి. రొమ్ముబొక్కను అందుకుంటనే లేవు. ఇరిగినయా?"

"లేదవ్వా. అక్కడ మెత్తటి ఎముక ఉంటది. అది ఫొటోల వడదు" అని డాక్టరు నవ్వాడు. అంతలోనే అతని వేలు ఒకచోట ఆగిపోయింది. నవ్వు కూడా ఆగిపోయింది. "రొమ్ముబొక్క పక్కన గీ మచ్చ ఉన్నది. ఊపిరితిత్తిల ఉన్నట్టు కనవడుతున్నది. కఫం పరీక్ష చేయాలె. అప్పటిదాక పాలియ్యొద్దు. బిడ్డను దూరం ఉంచుండ్రి. క్షయ అయితే నెలల తరబడి మందులు."

"దూరమా? పాలు తాగే పిల్లను దూరం వెట్టాల్నా? నీ మిషన్ల మన్నువడ!" అని లేచాను. ఆ ఊపుకు దగ్గు ముంచుకొచ్చి వంగిపోయాను. రవికలోంచి పసుపుకొమ్ము బయటికి వేలాడింది.

డాక్టరు దాన్ని వేళ్లతో పట్టుకున్నాడు. ఫొటో వైపు చూశాడు. మళ్లీ కొమ్మును చూశాడు.

"ఫొటో తీసేటప్పుడు గిది మెడల ఉన్నదా?"

"ఉండకేం? బంగారం, వెండి, ఇనుము అన్నడు గాని పసుపన్నడా?"

"మచ్చ దీనిదే కావచ్చు, కాకపోవచ్చు. ఇది సుత తీసి ఇంకో ఫొటో తియ్యాలె. గప్పుడే చెప్పగల్గుత. చేతికి కట్టుకో అమ్మా."

"చేతికి కడితే కంకణమైతది. పుస్తె అయితదా?" అన్నాను.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్ల ఆకలికి ఏడుస్తోంది. పాలు ఆగక నా రవిక తడిసిపోయింది. పోయినేడు ఆ బోధన్ తోవలోనే చెరుకు బండి కాలువలో బోర్లపడి మా ఊరాయన పోయాడు. నా చెయ్యి దారం దాకా పోయి ఆగిపోయింది. నిజంగా భయమేసింది.

అత్త బయటికి పోయి పిల్లను తారాబాయి ఒళ్లో పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"అటు తిరుగు."

"నువ్వా అత్తా?"

"నేనే. నా పుస్తెలు నేను స్నానానికి సుత తియ్యలే. తాడు మార్చిన ప్రతిసారి పసుపుకొమ్ము కట్టుకున్న. మీ మామ ఆగిండా?" ఆ గొంతులో కోపం లేదు. "నా కొడుకు పానం గీ దారంల లేదు బిడ్డా. పొల్ల ఏడుస్తున్నది. తిరుగు."

తిరిగాను. విప్పింది.

రెండో ఫొటోలో మచ్చ లేదు. డాక్టరు రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. కింది వైపు పక్కటెముక ఒకటి వెంట్రుకంత చిట్లిందని చూపించాడు. ఆ నొప్పికే నేను గట్టిగా దగ్గలేకపోయానట, కఫం లోపలే నిలిచిపోయిందట. "బరువు ఎత్తకు, అదే అతుక్కుంటది. దగ్గుకు మందు రాసిస్త. పాలు ఇచ్చుకో" అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే బయటికొచ్చి బల్ల మీద కూలబడి పిల్లను రొమ్ముకు వేసుకున్నాను. అది గుటకలు వేస్తుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అత్త పిల్ల మొలతాడు నుంచి పుస్తెలు విప్పింది. "తారాబాయీ, జర నువ్వు కట్టు" అని పిలిచింది.

"ఆమె వద్దు. నువ్వు కట్టు" అన్నాను.

అత్త వెనక్కి జరిగింది. "పాగల్ అయినవా? ముండమోసినదాన్ని, నేను కట్టుడేంది?"

"విప్పినప్పుడు లేని పాపం కట్టినప్పుడొస్తదా? రా. పొల్ల తాగుతున్నది, నేను లేవలేను."

వరసలో ఉన్న ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తారాబాయి మాత్రం నా జుట్టు పైకెత్తి పట్టుకుని, "కట్టు అవ్వా" అంది. అత్త నా వెనక్కి వచ్చింది. మొదటి ముడి జారిపోయింది. మళ్లీ వేసింది. మూడు ముళ్లూ పడ్డాక కూడా చేతులు తియ్యలేదు. నా మెడ మీదే ఉంచింది.

"తాడు మల్ల మార్చుకునేటప్పుడు సుత నన్నే పిలువు బిడ్డా" అంది నా చెవి దగ్గర.