మూడో ప్రశ్న

ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని నర్సు వజ్దీ ఇల్లు చేరేసరికి మిన్యా పట్నం వీధుల్లో ఎండ ముదిరింది. పాప పుట్టి ఏడో రోజు. కాసేపట్లో చర్చి గురువైన అబూనా వచ్చి, పళ్లెంలో నీళ్లు పోసి ప్రార్థన చేసి, పాపకు పేరు పెట్టి వెళ్తారు. ఆ పేరే ఇంకా తేలలేదు.

నూర్ అని వజ్దీ పట్టు. ఆ పేరు ఏ మతంవాళ్ల ఇంట్లోనైనా ఉంటుంది. దమియానా అని అతని భార్య ఇరీనీ పట్టు. అది వింటే చాలు, క్రైస్తవుల పిల్లని వీధంతటికీ తెలిసిపోతుంది.

"రాత్రి ఓ ముసలాయనకి సూది వేస్తున్నా," మంచం అంచున కూలబడి బూట్లు విప్పుతూ అన్నాడు. "'నీ పేరేంటి నాయనా' అన్నాడు. చెప్పాను. 'మీ నాన్న పేరు?' గిర్గిస్ అన్నాను. అంతే, క్రైస్తవుణ్ణని తెలిసి చెయ్యి లాక్కున్నాడు. వేరేవాళ్లని పంపమన్నాడు."

"పంపావా?" ఇరీనీ అడిగింది.

"ఎవరున్నారు పంపడానికి? తెల్లారగట్ల దాహం వేసి ఆయనే పిలిచాడు, 'ఒరే గిర్గిస్ కొడకా, నీళ్లు' అని. వెళ్లి తాగించాను."

"నీ గుట్టు రెండో ప్రశ్నకి బయటపడింది. నూర్ అని పెట్టినా దీనిది మూడో ప్రశ్నకి పడుతుంది, తాత పేరడిగినప్పుడు. ఆ ఒక్క ప్రశ్న కోసమా మనకీ గొడవ?"

"ఆ మాత్రం ఊపిరైనా ఇద్దామని."

పళ్లెం తోముతున్న అతని తల్లి నవ్వింది. "మీ నాన్నా ఇలాగే ఆలోచించి నీకు వజ్దీ అని పెట్టాడురా. నేనేమో ఆయనకి చెప్పకుండా ఎత్తుకుపోయి నీ మణికట్టు మీద సిలువ పచ్చబొట్టు పొడిపించాను. ఇద్దరం కలిసి నిన్ను చెడగొట్టాం!"

వజ్దీకి నవ్వు రాలేదు. ఆ సిలువ మీద గడియారం పెట్టుకుని తిరగడం అతనికి ఎప్పటినుంచో అలవాటు.

మెట్లెక్కి ఆయాసపడుతూ అబూనా వచ్చారు. ప్రార్థన చదివి, పాపను చేతుల్లోకి తీసుకున్నారు.

"ఏం పేరు, నాయనా?"

ఇరీనీ అతని వంక చూడలేదు. పోట్లాడే ఓపిక ఆమెకూ అయిపోయింది. వజ్దీ నూర్ అనబోయాడు. అంతలో, ఇక ఈ పిల్ల కూడా తనలాగే ప్రతి కొత్త మనిషి ముందూ తండ్రి పేరు అడుగుతారేమో, తాత పేరు అడుగుతారేమో అని బిక్కుబిక్కుమంటూ నిలబడుతుంది కాబోలు అనిపించింది.

"దమియానా," అన్నాడు.

అబూనా ఆ పేరు పలికి తడిచేత్తో పాప నుదుట సిలువ గుర్తు వేశారు. అందరూ ఆమెన్ అన్నారు. ఇరీనీ తలమీది గుడ్డతో ముఖం కప్పుకుంది.

అబూనా వెళ్లాక, "మనసు మార్చుకున్నావా?" అని అడిగింది.

"లేదు. భయం అలాగే ఉంది. దాచిదాచి అలసిపోయానంతే. ఆ పని దానిచేత కూడా చేయించలేను."

"రేపు బాధపడతావేమో."

"పడితే పడతాను. ముందు నన్ను పడుకోనియ్యి."

కళ్లు మూసుకున్నాడో లేదో పాప ఏడుపు అందుకుంది. ఇరీనీ స్నానానికి వెళ్లింది. వజ్దీ లేచి పాపను భుజాన వేసుకుని, ఆ పేరు మెల్లగా పలికాడు. నాలుక ఇంకా తిరగలేదు. మళ్లీ పలికాడు.