లెక్కలోంచి తీసేసిన అక్షరం

"మంగళ, గురువారాలు నేనింక రానమ్మాయ్," అంది అత్తయ్య, మొక్కజొన్న ఆకులో పిండిముద్ద పెట్టి మూలలు మడుస్తూ. ఆకులు అందిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. బడినుంచి పాపని ఎవరు తెస్తారని కాదు, ఆవిడకి ఒంట్లో బాగాలేదేమోననీ కాదు, నాకు ముందు తట్టింది నా వ్యాసం ఏమైపోతుందని. తట్టగానే నా మీద నాకే అసహ్యమేసింది.

ఆవిడ పాపని చూసుకునే ఆ రెండు మధ్యాహ్నాలే నావి. మిగతా రోజులన్నీ ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలూ మీటింగులూ. మీటింగుకి బిస్కెట్లు తెచ్చేది నేనే, మినిట్స్ రాసేదీ నేనే. "అంపారో చేతిరాత ముత్యాలే," అంటాడు మా డైరెక్టరు. పాప పుట్టాక తిరిగొచ్చి, గురుత్వాకర్షణ మీద కొత్తగా పని మొదలెడతానంటే "ఈ వయసులోనా?" అని నవ్వాడు. ఇంట్లో మా ఆయన ఎఫ్రేన్ పళ్ళ డాక్టరు. తను తలుపేసుకుంటే పని, నేనేసుకుంటే అలక. "అమ్మకి మనవరాలు హిమేనా అంటే ప్రాణం, ఆవిడకదే కాలక్షేపం," అంటాడు. నేనూ నమ్మాను. నమ్మితే నాకు లాభం కాబట్టి నమ్మాను.

ఓసారి ఆవిడే అడిగింది, గదిలో కూర్చుని ఏం చేస్తావని. అప్పుడూ పిండే కలుపుతోంది.

"ఈ ముద్దని ఎలా నొక్కినా, ఎంత సాగదీసినా ఒకటే అనుకునే సిద్ధాంతం ఒకటుంది అత్తయ్యా. దూరాలూ కొలతలూ దానికి పట్టవు. చిల్లులుంటేనే పట్టించుకుంటుంది. దానికో కట్టుబాటు పెడితే అందులోంచి గురుత్వాకర్షణ పుట్టుకొస్తుంది."

"అయితే చిల్లులు లెక్కపెడతావన్నమాట. దానికి జీతం కూడా ఇస్తారూ?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ కట్టుబాటు నిలబడ్డానికి లెక్కలో ఒక అక్షరాన్ని అదనంగా పెడతామని మాత్రం చెప్పలేదు. మిగతావి గీత దాటకుండా చూడటమే దాని పని. నా వ్యాసంలో, కట్టుబాటు కుదిరాక దాని అవసరం తీరిందని తీసేశాను. పత్రికకి పంపితే, పోయిన వారం వాళ్ళ పరిశీలకుడి జవాబొచ్చింది: "రచయిత్రి ఆ అక్షరాన్ని పారేశారు. అదేమిటో చెప్పే సమీకరణం రాసి చూసుకోవలసింది. పదార్థమేదీ లేని శూన్యంలో గురుత్వాకర్షణ తెచ్చే వంపు మొత్తం అదే." మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు. సిగ్గుతో చచ్చిపోయాను. అది దిద్దుకోవడానికే ఈ నెల మధ్యాహ్నాలు.

"ఎక్కడికెళ్తారు?" అన్నాను.

"ఈతకి. మున్సిపాలిటీ వాళ్ళ కొలనులో ముసలాళ్ళకి నేర్పిస్తున్నారట."

"ఈ వయసులోనా?"

నోరు జారాక తెలిసింది ఆ మాట ఎవరిదో. అత్తయ్య మడిచిన ఆకు విప్పి మళ్ళీ మడిచింది.

మహిళా దినోత్సవం నాడు ఇంటిచాకిరీకి విలువ కట్టాలని మైకులో ఊదరగొట్టి వచ్చాను. నేను మాట్లాడుతున్నంతసేపూ నా కూతురు ఆవిడ ఒళ్ళోనే ఉంది. చప్పట్లు నాకు కొట్టారు. ఆవిడకి ఈత నేర్చుకోవాలని ఉందని నాకు తెలీదు. తెలుసుకోవాలని ఏనాడూ అనిపించలేదు. ఎఫ్రేన్ నా దగ్గర కాలాన్ని ఎలా తీసుకుంటాడో, నేనూ ఆవిడ దగ్గర అలాగే తీసుకున్నాను, థాంక్స్ చెప్పి మరీ.

"నువ్వొద్దంటే మానేస్తాలే," అందావిడ. "మావాణ్ణడిగితే, అంపారో ఒప్పుకుంటే వెళ్ళమన్నాడు. ఇదివరకు మీ మామగారిని అడిగేదాన్ని. ఆయన పోయాక వీణ్ణి. ఇప్పుడు నిన్ను."

ఎత్తిపొడుపు కాదది. సంతలో టమాటా ధర చెప్పినట్టు చెప్పింది. అందుకే మరీ గుచ్చుకుంది. 'వెళ్ళండి అత్తయ్యా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. వెళ్ళమనడానికి నేనెవర్ని? మింగేశాను. చేతులు కడుక్కుని, ఆవిడ ఎదురుగానే ఎఫ్రేన్‌కి ఫోను చేశాను.

"మంగళ, గురువారాలు పాపని బడినుంచి నువ్వే తీసుకొచ్చి చూసుకోవాలి."

"నాకు పేషెంట్లుంటారు కదా! అమ్మకేమైంది?"

"ఏమీ కాలేదు. ఈతకెళ్తోంది."

ఎఫ్రేన్ గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వు ఒప్పుకున్నావా?"

"నన్నెవరూ అడగక్కర్లేదు," అన్నాను.