కాగులో మిగిలిన గొంతు

వసంతం రాగానే కాఖేతి కొండల కింద వైన్ దారి పొడవునా ఇళ్ళ గేట్లు తెరుచుకుంటాయి. చుట్టాలో, కొనేవాళ్ళో, ఊరికే తాగిపోయేవాళ్ళో, ఎవరొచ్చినా ఇల్లిల్లూ తిరిగి, నేలలో మెడదాకా పాతిన మట్టికాగుల ముందు కూర్చుంటారు. మూత తీయగానే ముందు పాట వస్తుంది, తర్వాత వాసన, ఆఖరికి వైన్.

ఆ పాట కాగు కడిగినవాడిది. శరత్కాలంలో, కొత్త వైన్ పోసేముందు లోపలికి దిగి, చెర్రీ బెరడు కుంచెతో గోడలు రుద్దాలి. లోపల గాలి మంచిది కాదు. అందుకే దిగినవాడు గొంతు ఆపకూడదు. పైన కాపలా ఉన్నవాడు కాగు మూతికి చెవి ఆనించి కదలకూడదు. గొంతు ఆగిందా, తాడు లాగాలి. ఆ గొంతు మట్టికి పట్టి, వైన్‌తో పాటే ఊరుతుంది. పొరుగింటి ఓటియా కాగు ఏటా దగ్గుతుంది కూడా.

కాగులు తెరిచే రోజు పొద్దున జెమాల్ కూతురు నూత్సా ఓటియాను గేటు దగ్గరే నిలదీసింది.

"మామా, వైన్ కంపెనీకి ద్రాక్షతోట అమ్మేస్తున్నావట! దున్నేవాడిదే భూమి అని నేను ఊరూరా అరుస్తుంటే!"

"నేనా? ఎవడు చెప్పాడే? అయినా నువ్వెప్పుడు దున్నావో చెప్పు తల్లీ, నేనూ చప్పట్లు కొడతా."

మండిపడుతూ ఇంటికొచ్చింది. పందిరి కింద కంపెనీ మనిషి బెసిక్, జున్నురొట్టె తింటూ.

"వీడెందుకు నాన్నా ఇక్కడ?"

"గడప తొక్కినవాడు దేవుడు పంపిన అతిథి. నోరు మూసుకో," అన్నాడు జెమాల్. గోడ దాటి ఓటియా కూడా గిన్నె పట్టుకొచ్చాడు.

జెమాల్ కాగు మూత చుట్టూ మెత్తిన బంకమట్టి కొట్టి రాతి మూత లేపాడు. లోపల్నించి, శరత్కాలంలో కడిగినప్పటి అతని గొంతు రెండు చరణాలు పాడి తడబడింది.

"పాట మర్చిపోయాను. ఏదో ఒకటి మాట్లాడాలిగా... తోట ఇచ్చేస్తానని బెసిక్‌కి మాటిచ్చేశాను. కాగులు తెరిచిన రోజే సంతకం. పిల్లకి చెప్పలేదు. పైన కాపలా అదే, ఫోన్లో ఉపన్యాసమిస్తోంది. నా తర్వాత ఇందులోకి దిగేదెవరు? అరిచేవాళ్ళే గాని... నూత్సా, తల తిరుగుతోందే. తాడు..."

తర్వాత కాగు మాట్లాడలేదు. నిశ్శబ్దం కూడా వైన్‌లో ఊరింది. దాని వెనక దూరంగా, నూత్సా గొంతే: "ప్రజలారా, మేల్కొనండి!" చాలాసేపటికి దగ్గు. గోడలు పట్టుకుని ఒక మనిషి ఒంటరిగా పైకి పాకుతున్న చప్పుడు.

కాగు కడిగిన ఆ రోజు నాన్న బురదతో పైకొచ్చి "అయిపోయిందా మీ సభ?" అని నవ్వాడు. నూత్సాకి అంతే గుర్తుంది.

ఓటియా గిన్నె కింద పెట్టేశాడు. బెసిక్ మాత్రం కాగితం ముందుకు జరిపి, పెన్ను మూత తీశాడు.

జెమాల్ పెన్ను కోసం చెయ్యి చాచేలోగా నూత్సా చెప్పులు విడిచి, గోడకున్న కుంచె లాక్కుని, తాడు నడుముకి చుట్టుకుని, పక్కనున్న ఖాళీ కాగులోకి దిగిపోయింది. పాటలేవీ రావు. వచ్చినవే అరిచింది: "దున్నేవాడిదే భూమి! కూలిపోవాలి కంపెనీ రాజ్యం!"

జెమాల్ పరుగెత్తి తాడు కొస అందుకుని కాగు మూతి దగ్గర బోర్లా పడుకున్నాడు.

నినాదాలు త్వరగానే అయిపోయాయి. లోపల గొంతు చిన్నదైంది. "నాన్నా, ఇక్కడ చీకటి. ఊపిరాడదు. నువ్వు పిలిస్తే నాకు... నాన్నా, విన్నావా?"

"వింటున్నా. ఆపకు. అడుగున బాగా రుద్దు."

"జెమాల్ గారూ," బెసిక్ పిలిచాడు, "ఒక్క సంతకమే కదా. వచ్చి పెట్టేయండి."

జెమాల్ తాడు చేతికి మరో చుట్టు చుట్టుకున్నాడు.

"లోపల మా అమ్మాయుంది బాబూ. నేను కదలకూడదు."